లీటరు డీజిల్‌కి లెక్క

“బండి డీజిల్ తాగేస్తోంది” అంటూ షెడ్డుకొచ్చిన పాత ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్పుకి మామూలుగా జరిగే మర్యాద ఏమిటో తెలిసిందే. పంపు దించుతారు, నాజిళ్లు మారుస్తారు, బిల్లు చేతిలో పెడతారు. మైలేజీ పెరిగితే అది పంపు చలవ. పెరగకపోతే బండి పాతబడిపోయిందన్న మాట ఎలాగూ ఉంది. పని తెలిసిన మేస్త్రి వరస దీనికి పూర్తిగా తలకిందులు. అతను పంపుని అన్నిటికన్నా చివర ముట్టుకుంటాడు. టైరు దగ్గర మొదలుపెట్టి ఇంజిన్ వైపు నడుస్తాడు. ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చయ్యేది తర్వాత. విప్పకుండా తేలేది ముందు, విప్పితే గాని తేలనిది తర్వాత. అతని పనితనం సగం ఈ వరసలోనే ఉంది.

చోడవరం నుంచి మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కే దారిలో, చింతపల్లి, అరకు వైపు సంతలకు తిరిగే దారుల్లో పాత మహీంద్రా ఫోర్‌వీల్ డ్రైవ్‌లు ఇంకా పనిచేస్తూ కనిపిస్తాయి. కాఫీ బస్తాలు, మిరియాలు, పసుపు, మనుషులు అన్నీ వాటి మీదే. వీటిలో చాలా బళ్లకు ఉన్నది 2523 సీసీ డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజిన్. సిలిండరు వ్యాసం 88.9 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 101.6 మిల్లీమీటర్లు. మిల్లీమీటర్లలో వంకరగా కనిపించే ఈ అంకెలు అంగుళాల్లోకి మారిస్తే సరిగ్గా మూడున్నర, నాలుగు. ఇది ట్రాక్టరు వంశపు ఇంజిన్. మహీంద్రా 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టినప్పుడు మన దేశానికి వచ్చిన వంశం. తక్కువ తిరుగుళ్లలో బాగా లాగడం, మొరటు వాడకాన్ని ఓర్చుకోవడం దీని గుణాలు. ఓర్చుకుంటుంది కాబట్టే జబ్బు వెంటనే పైకి చెప్పదు. మైలేజీలో మాత్రం చెబుతుంది.

ఆ మాట వినాలంటే లీటరు డీజిల్ నడిచే దారి తెలియాలి. ఒక లీటరులో సుమారు 36 మెగాజౌళ్ల వేడి ఉంటుంది. ఈ తరం ఇంజిన్ ఎంత బాగున్నా అందులో మూడో వంతు మాత్రమే క్రాంక్ షాఫ్టుకి అందుతుంది. మిగిలింది సైలెన్సరు పొగలో, రేడియేటరు వేడిలో పోతుంది. ఆ మూడో వంతు క్లచ్, గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ప్రొపెల్లర్ షాఫ్టు, క్రౌన్ పినియన్, యాక్సిల్, హబ్ దాటుకుంటూ టైరు దగ్గరకు చేరాలి. అక్కడ రోడ్డు రాపిడి, గాలి అడ్డు, ఎత్తు అనే మూడు ఖర్చులు కాచుకుని ఉంటాయి. దారిలో ప్రతి మజిలీ కొంత తీసుకుంటుంది. కొత్త బండిలోనూ తీసుకుంటుంది. ఎక్కువ తీసుకుంటున్నది ఎవరన్నదే ప్రశ్న.

దానికన్నా ముందు తేల్చాల్సింది ఇంకొకటుంది: మైలేజీ నిజంగానే పడిపోయిందా? డాష్‌బోర్డు ముల్లుని మేస్త్రి నమ్మడు. ట్యాంకు ఫుల్లు చేయించి, బండి వాడి, మళ్లీ అదే బంకులో అదే పంపు దగ్గర, బండి అదే వాలుగా నిలబెట్టి, నాజిల్ దానంతటది ఆగినచోటే ఆపి ఫుల్లు చేయిస్తాడు. రెండోసారి పట్టిందే ఖర్చయిన డీజిల్. పది లీటర్లు కొట్టించి చూసే పరీక్షలో ఒక లీటరు అటూ ఇటూ అయితే లెక్క పది శాతం తప్పుతుంది. కనీసం ముప్పై నలభై లీటర్లయినా నడిపితేనే ఆ తప్పు చిన్నదవుతుంది. కొలతమీద అనుమానం ఉంటే బంకులో ఉండే 5 లీటర్ల క్యానుతో కొలిపించుకోవచ్చు, సాంద్రత చూపించమని అడగొచ్చు. కిరోసిన్ కలిస్తే సాంద్రత తగ్గుతుంది, లీటరులో వేడీ తగ్గుతుంది.

తర్వాత కిలోమీటర్ల సంగతి. ఓడోమీటరు లెక్కపెట్టేది దూరాన్ని కాదు, చక్రం తిరుగుళ్లని. ఫ్యాక్టరీ నుంచి 215/75 R15 టైరుతో వచ్చిన బండికి గట్టిగా కనబడాలని 235/75 R15 వేయించారనుకుందాం. మొదటిదాని వ్యాసం లెక్క ప్రకారం 703 మిల్లీమీటర్లు, రెండోది 733. అంటే చక్రం ఒక్కో చుట్టుకి నాలుగు శాతం ఎక్కువ దూరం పోతోంది, మీటరుకి ఆ సంగతి తెలియదు. 400 కిలోమీటర్లు చూపించినప్పుడు బండి నడిచింది 417. నలభై లీటర్లకు మీటరు లెక్కలో 10 వచ్చిన మైలేజీ నిజానికి 10.4. ఏ పానా పట్టకుండానే కొంత మైలేజీ దొరికింది! మైలురాళ్ల పక్కనో, ఫోనులో జీపీఎస్ పెట్టుకునో యాభై కిలోమీటర్లు నడిపితే ఈ తేడా బయటపడుతుంది. టైరు అరిగి చిన్నదైతే ఇదే తప్పు ఎదురు తిరిగి, బండి చేయని దూరాన్ని చేసినట్టు చూపిస్తుంది.

దారి కూడా లెక్కలోకి రావాలి. రెండు టన్నుల బండిని మైదానం నుంచి 800 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లడానికి, రాపిడి, గాలి ఏమీ లేకపోయినా, పైకి ఎత్తడానికే దాదాపు 16 మెగాజౌళ్ల పని చేయాలి. ఇంజిన్, గేర్ల నష్టాలు కలుపుకుంటే అది ఒకటిన్నర లీటరు డీజిల్. దిగేటప్పుడు అది తిరిగి ట్యాంకులోకి రాదు, బ్రేకు డ్రమ్ముల్లో వేడైపోతుంది. పోయిన నెల అనకాపల్లి రోడ్డు మీద వచ్చిన మైలేజీని ఈ నెల పాడేరు ఘాట్ మైలేజీతో పోల్చి బండిని తిట్టడం అన్యాయం. ఒకే దారి, ఒకే బరువు, ఒకే డ్రైవరు ఉంటేనే మేస్త్రి రెండు అంకెలను పక్కపక్కన పెడతాడు.

అంకె నిజమేనని తేలాక అతను చేసే మొదటి పరీక్షకు పనిముట్లు అక్కర్లేదు. “పంపు దించేద్దామా మేస్త్రి గారూ?” అని డ్రైవరు తొందరపడితే, “ముందు బండిని తోసి చూద్దాం రా బాబూ” అంటాడు. చదునైన గచ్చు మీద న్యూట్రల్‌లో ఉన్న రెండు టన్నుల బండి, టైర్లలో గాలి సరిగ్గా ఉంటే, సుమారు 30 కిలోల తోపుకి కదలాలి. ఒక మనిషి భుజం ఆనించి నెట్టగలిగిన బలం అది. ఇద్దరు కలిసి తోసినా మొరాయిస్తే ఎక్కడో ఏదో పట్టుకుని ఉంది. అయిదు కిలోల అదనపు పట్టు చూడటానికి చిన్నదే, కానీ రాపిడి ఖర్చులో ఆరో వంతు. అది కిలోమీటరు కిలోమీటరుకీ పోతూనే ఉంటుంది.

ఏ చక్రం పట్టుకుందో తెలుసుకోవడానికి బండిని పది పదిహేను కిలోమీటర్లు నడిపి, వీలైనంత బ్రేకు వాడకుండా ఆపి, చేతి వెనకభాగాన్ని హబ్‌కి దగ్గరగా పెడతాడు. ముట్టుకోడు, సెగ చూస్తాడు. నాలుగింటిలో ఒకటి వేడిగా ఉంటే ఆ చక్రం సంగతి: వీల్ సిలిండరు బిగుసుకుందా, రిటర్న్ స్ప్రింగు సాగిందా, హ్యాండ్ బ్రేకు కేబులు తుప్పుతో వెనక్కి రావడం లేదా, బేరింగు మరీ బిగించారా. నాలుగూ సమానంగా వేడెక్కితే తప్పు చక్రాల్లో లేదు, వాటన్నిటికీ పైనున్న మాస్టర్ సిలిండరులో ఉంది.

ఈ మాస్టర్ సిలిండరు కథ దగ్గరగా చూడదగ్గది. లోపల పిస్టన్ విశ్రాంతిలో ఉన్నప్పుడు దాని వాషరుకు సరిగ్గా ముందు, సూది పట్టేంత చిన్న రంధ్రం ఒకటి తెరుచుకుని ఉంటుంది. అది పైనున్న బ్రేక్ ఆయిల్ డబ్బాలోకి దారి. బండి నడుస్తుంటే ఆయిల్ వేడెక్కి ఉబ్బుతుంది. ఉబ్బినంత మేరా ఈ రంధ్రంలోంచి డబ్బాలోకి పోతుంది. పెడల్ తొక్కగానే వాషరు రంధ్రాన్ని దాటుతుంది, దారి మూసుకుంటుంది, పీడనం చక్రాలకు పోతుంది. ఇంత సున్నితమైన ఏర్పాటంతా పెడల్ కడ్డీకీ పిస్టన్‌కీ మధ్య ఉండే చిన్న వదులు మీద ఆధారపడి ఉంది. బ్రేకు బాగా పైన పట్టాలని ఎవరో ఆ వదులు తీసేసి కడ్డీ బిగించారనుకోండి. పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, వాషరు రంధ్రం మీదే కూర్చుంటుంది. పొద్దున బండి తేలిగ్గా కదులుతుంది. పది కిలోమీటర్లయ్యాక ఆయిల్ ఉబ్బుతుంది, పోవడానికి దారిలేక లైనర్లను డ్రమ్ముకి నొక్కుతుంది. ఆ రాపిడితో ఇంకా వేడి, ఆ వేడితో ఇంకా ఒత్తిడి. పెడల్ మీద ఎవరి కాలూ లేకుండానే బండి బ్రేకు వేసుకుని నడుస్తుంటుంది.

దీన్ని పట్టుకునే తర్కం ముచ్చటగా ఉంటుంది. బండి బిగుసుకున్నప్పుడే, వేడి మీదే, జాకీ ఎత్తి చక్రం దగ్గరి బ్లీడింగ్ నిప్పిల్ కొద్దిగా వదులు చేస్తాడు. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే పట్టుకుని ఉన్నది ఆయిల్ ఒత్తిడే. వదలకపోతే తప్పు స్ప్రింగులోనో కేబుల్లోనో ఉంది. ఒత్తిడే అని తేలితే మరో చక్రం బిగుసుకుని ఉండగా మాస్టర్ సిలిండరు దగ్గర పైపు నట్టు వదులు చేస్తాడు. అక్కడ వదిలితే తప్పు మాస్టర్‌ది. అక్కడ వదలక, నిప్పిల్ దగ్గర మాత్రమే వదిలితే మధ్యలో ఉన్న రబ్బరు హోసు లోపల ఉబ్బి మూసుకుపోయింది. రెండు నట్లు అరచుట్టు చొప్పున తిప్పి, ఒక్క భాగం విప్పకుండా, మూడు అనుమానాల్లో దోషి ఎవరో తేల్చేశాడు.

చక్రం గాల్లో ఉండగానే టైరు మీద అరచేత్తో లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి నిమురుతాడు. ఒకవైపు నునుపుగా, రెండోవైపు రంపంపళ్లలా తగిలితే ముందు చక్రాల టో-ఇన్ తప్పింది. చక్రాల ముందు అంచుల మధ్య దూరానికీ వెనక అంచుల మధ్య దూరానికీ ఉండాల్సిన తేడా కన్నా 6 మిల్లీమీటర్లు ఎక్కువైతే ఏమవుతుందో లెక్కేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఒక్కో చక్రం దాని దారికి దాదాపు పావు డిగ్రీ పక్కకు చూస్తుంది. అంటే కిలోమీటరు నడిచేలోపు ప్రతి ముందు టైరూ నాలుగు మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోయినట్టు. ఆ ఈడ్పుకి డీజిలూ పోతుంది, రబ్బరూ పోతుంది. సరిచేయడానికి టై రాడ్ మీది బిగింపులు వదులు చేసి, రాడ్ తిప్పి, కొలిచి, మళ్లీ బిగించడమే.

ఇప్పుడు ఫోర్‌వీల్ డ్రైవ్‌కే ప్రత్యేకమైన చోటుకి వచ్చాం. ఈ బళ్లలో ట్రాన్స్‌ఫర్ కేసు పార్ట్‌టైమ్ రకం, మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు. ఫోర్‌వీల్ వేయగానే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకే వేగంతో తిరిగి తీరాలి. కానీ మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కన్నా పెద్ద వంపు తిరుగుతాయి, ఎక్కువ చుట్లు కోరతాయి. బురదలో ఆ తేడాను టైరు జారి సర్దేసుకుంటుంది. ఎండిన తారురోడ్డు మీద జారలేక షాఫ్టుల్లో మెలి పేరుకుంటుంది. ముందు వెనక టైర్ల అరుగుదల వేరైతే తిన్నని రోడ్డు మీదా ఇదే గొడవ. 350 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో 5 మిల్లీమీటర్ల తేడా ఉంటే కిలోమీటరుకి 14 మీటర్ల దూరాన్ని ఏదో ఒక టైరు రాసుకుని సరిపెట్టాలి. ఘాట్‌లో వేసిన ఫోర్‌వీల్‌ను చోడవరం దాకా తీయని డ్రైవరు ఉంటే మైలేజీ జవాబు అక్కడే దొరికింది.

లివరు టూవీల్‌లో ఉన్నంత మాత్రాన లోపల కూడా అలాగే ఉందనీ చెప్పలేం. సెలెక్టర్ ఫోర్క్ అరిగితే గేరు సగంలో ఆగిపోవచ్చు. కొన్ని బళ్లకు ముందు హబ్‌లలో ఫ్రీవీలింగ్ ఏర్పాటు ఉంటుంది. డయల్ తిప్పితే లోపల పళ్లున్న రింగు జరిగి, చక్రాన్ని యాక్సిల్ షాఫ్టుతో కలుపుతుంది లేదా విడదీస్తుంది. విడిపోయి ఉన్నప్పుడు చక్రం ఒక్కటే తిరుగుతుంది. యాక్సిల్, ముందు క్రౌన్ పినియన్, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు కదలకుండా ఉంటాయి. కలిసిపోయి ఉంటే అవన్నీ, ఏ పనీ చేయకపోయినా, చిక్కటి గేర్ ఆయిల్‌ని చిలుకుతూ తిరుగుతాయి. ఏళ్ల తరబడి కదపని హబ్‌లో గ్రీజు గట్టిపడి, డయల్ ఫ్రీ అని చూపిస్తున్నా రింగు లాక్‌లోనే ఉండిపోతుంది. పరీక్ష సులువు: ముందు చక్రం జాకీ మీద లేపి చేత్తో తిప్పి, బండి కిందికి చూడాలి. షాఫ్టు కూడా తిరుగుతుంటే హబ్ అబద్ధం చెబుతోంది. విప్పి, కిరోసిన్‌తో కడిగి, పలచగా గ్రీజు పెడితే మళ్లీ నిజం చెబుతుంది.

కింద పని పూర్తయ్యాక గాని మేస్త్రి బానెట్ ఎత్తడు. ఎత్తాక ముందు చూసేది గాలి. పాత జీపుల్లో ఉండే ఆయిల్ బాత్ ఫిల్టరు ఎంత తెలివైనదో చూడండి. లోపలికి వచ్చే గాలి నిట్టనిలువుగా కిందికి దూసుకెళ్లి, నూనె ఉపరితలం దగ్గర ఒక్కసారిగా పైకి తిరగాలి. గాలి తేలిక కాబట్టి తిరుగుతుంది. దుమ్ము బరువు కాబట్టి మలుపు తిరగలేక నూనెలో పడుతుంది. మిగిలింది పైనున్న తీగల జల్లెడకు అంటుకుంటుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు. కానీ నూనె గీత దాటి పోస్తే గాలి దారి ఇరుకవుతుంది, కింద బురద పేరుకుంటే నూనె గీత తానే పైకి వస్తుంది. కాగితపు ఫిల్టరైతే నేలకేసి కొట్టి దులిపిన ప్రతిసారీ దాని అంచు సీలు దెబ్బతింటుంది. నల్లపొగ అంటే డీజిల్ ఎక్కువైందని అందరూ అంటారు. మేస్త్రి దానికి ఇంకో సగం కలుపుతాడు: లేదా గాలి తక్కువైంది. టర్బో ఉన్న బండిలో హోసు మీద నూనె మరక కనిపిస్తే అక్కడ చీలిక ఉందేమోనని వేలు పెట్టి చూస్తాడు.

తర్వాత థర్మోస్టాట్. మన ఎండలకు బండి వేడెక్కుతోందని దీన్ని పీకి పారేయడం షెడ్లలో పాత అలవాటు. అది చేసే పని చిన్న ఇత్తడి గుళికలో దాగి ఉంటుంది. గుళిక నిండా మైనం. నీళ్లు సుమారు 82 డిగ్రీలకు చేరేసరికి మైనం కరిగి ఉబ్బి, ఒక పిన్నును తోసి, స్ప్రింగును జయించి, రేడియేటరు దారి తెరుస్తుంది. చల్లబడితే మైనం కుదించుకుంటుంది, స్ప్రింగు దారి మూస్తుంది. తీగ లేదు, కరెంటు లేదు. ఇది లేని బండిలో నీళ్లు మొదటి నిమిషం నుంచే రేడియేటరుకు పోతాయి. లంబసింగి చలిలో అయితే ఇంజిన్ దాని వేడికి చేరనే చేరదు. ఇంజిన్ ఆయిల్ చిక్కగానే ఉండి రాపిడి పెంచుతుంది, చల్లటి గోడలకు తగిలిన డీజిల్ సరిగా మండదు. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ కిందే ఉంటే డ్రైవరు సంతోషిస్తాడు. మేస్త్రికి అనుమానం వస్తుంది.

టప్పెట్ల సందు ఫీలర్ గేజీతో చూస్తాడు. ఆయిల్ మూత తీసి, ఇంజిన్ నడుస్తుండగా ఆవిరి ఎంత జోరుగా ఎగదన్నుతోందో చూసి రింగుల పరిస్థితి అంచనా వేస్తాడు. ఘాట్ మొదట్లో పై గేరులో నిండా తొక్కితే ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోందని తెలుసుకుంటాడు. ఇవన్నీ సరిగా ఉన్నాయంటేనే పంపు వంతు.

పంపు ఎందుకు చివరన్నది అది చేసే పని తెలిస్తే అర్థమవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, లీటరుకి 10 కిలోమీటర్లు ఇస్తున్న బండి గంటకు 6 లీటర్లు వాడుతుంది. ఇంజిన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే నాలుగు సిలిండర్లకూ కలిపి నిమిషానికి 4000 సార్లు, గంటకు 2,40,000 సార్లు డీజిల్ చిమ్మాలి. భాగిస్తే ఒక్కో విడతకు వచ్చేది 25 ఘన మిల్లీమీటర్లు. మామూలు చుక్కలో ఇది సగం. ఆ అరచుక్కని నాలుగు సిలిండర్లకూ సమానంగా కొలిచి, సరైన క్షణంలో పంపాలి. 2000 చుట్ల దగ్గర క్రాంక్ ఒక డిగ్రీ తిరగడానికి పట్టేది సెకనులో 12 వేలవ వంతు మాత్రమే.

ఇన్‌లైన్ పంపులో ఈ కొలత జరిగే తీరు యంత్రవిద్యలోని చక్కటి ఆలోచనల్లో ఒకటి. జర్మనీలో బాష్ సంస్థ 1927లో ఇలాంటి పంపుల భారీ ఉత్పత్తి మొదలుపెట్టింది. మన దేశంలో అదే సంస్థ మైకో పేరుతో 1951లో మొదలైంది. అందుకే ఇప్పటికీ షెడ్లలో మైకో పంపు, మైకో నాజిల్ అనే మాటలే వినిపిస్తాయి. సిలిండరుకొక ఎలిమెంట్: ఒక బ్యారెల్, అందులో కదిలే ప్లంజరు. రెండిటి మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్కల్లో ఉంటుంది. సీలు లేదు, వాషరు లేదు, ఆ బిగువే సీలు. క్యామ్ ప్లంజరుని ప్రతిసారీ ఒకే ఎత్తుకు లేపుతుంది. మరి యాక్సిలరేటరు తొక్కితే డీజిల్ ఎలా పెరుగుతుంది? ప్లంజరు పక్కన ఏటవాలుగా కోసిన గాడి ఉంటుంది. ప్లంజరు పైకి వస్తూ బ్యారెల్‌లోని రంధ్రాన్ని మూయగానే డీజిల్ నాజిల్ వైపు కదులుతుంది. గాడి అంచు ఆ రంధ్రాన్ని చేరగానే ఒత్తిడి వెనక్కి పోయి చిమ్మడం ఆగిపోతుంది. ర్యాక్ అనే పళ్ల కడ్డీ ప్లంజరుని దాని చుట్టూ అది తిరిగేలా కొద్దిగా తిప్పుతుంది. గాడి ఏటవాలుగా ఉంది కాబట్టి తిప్పినకొద్దీ అంచు రంధ్రాన్ని చేరే వేళ ముందుకో వెనక్కో జరుగుతుంది. ఎత్తు మారదు, ఆగే చోటు మారుతుంది. ఒక కోత, ఒక మలుపు, కొలత పూర్తి.

ఈ పంపు మొదలుపెట్టే క్షణాన్ని చూసే పాత పద్ధతి పేరు స్పిల్ టైమింగ్. ఒకటో సిలిండరు ఎలిమెంట్ పైనున్న డెలివరీ వాల్వు, స్ప్రింగు తీసి, హోల్డరు తిరిగి బిగించి, దానికి హంసమెడలా వంచిన సన్నటి గొట్టం తగిలిస్తారు. డీజిల్ ఆ గొట్టంలోంచి ధారగా కారుతుంటుంది. మేస్త్రి ఇంజిన్‌ని చేత్తో, తిరగాల్సిన వైపే, మెల్లగా తిప్పుతాడు. లోపల ప్లంజరు పైకి వస్తుంటే ధార సన్నబడుతుంది, తెగి చుక్కలవుతుంది, చుక్కల మధ్య ఎడం పెరుగుతుంది, ఆగిపోతుంది. రంధ్రం మూసుకున్న క్షణం అదే. అప్పుడు పుల్లీ మీద గీత ఎక్కడుందో చూసి, పుస్తకంలో ఆ ఇంజిన్‌కి ఇచ్చిన డిగ్రీలతో పోలుస్తాడు. గీత దాటి తిప్పితే కొద్దిగా వెనక్కి తెచ్చి సర్దుకోకూడదు. గేరు పళ్ల మధ్య వదులు కొలతలో కలిసిపోతుంది. బాగా వెనక్కి తీసుకెళ్లి, మళ్లీ తిరగాల్సిన వైపు నుంచే రావాలి. నడిచేటప్పుడు రెప్పపాటులో వందో వంతుకూడా లేని క్షణాన్ని, ఆగి ఉన్న ఇంజిన్‌లో చుక్కలు చూసి పట్టుకోవడం ఇది. టైమింగ్ ఆలస్యమైతే డీజిల్ పిస్టన్ దిగిపోతుండగా మండుతుంది. వేడి పనికి బదులు పొగగొట్టంలోకి పోతుంది.

నాజిళ్లను టెస్టరు మీద పెట్టి చేతి లివరు నొక్కినప్పుడు అతను కంటితో ఎంత చూస్తాడో చెవితో అంత వింటాడు. ఈ తరం డీఐ నాజిల్ 200 బార్ చుట్టుపక్కల పీడనానికి తెరుచుకుంటుంది. సూది తన సీటు మీద వేగంగా ఎగిరిపడుతూ కిర్రుమనాలి. ప్రతి రంధ్రం నుంచీ ఒకే తీరు పొగమంచు రావాలి. తెరుచుకునే పీడనానికి 20 బార్ తక్కువలో పది సెకన్లు ఆపితే మొనకు చుక్క వేలాడకూడదు. బిగించేటప్పుడు పాత రాగి వాషరు గుంటలో మిగిలిపోయిందేమో టార్చి వేసి చూస్తాడు. దాని మీద కొత్తది పడితే నాజిల్ పైకి లేచి, జల్లు పిస్టన్ గుంటలో పడాల్సిన చోట పడదు. కొత్త నాజిళ్లు వేసినా పొగ తగ్గని బళ్లలో ఒక కారణం ఈ వాషరే.

పంపుకి ఫ్యాక్టరీ వేసిన సీసపు సీలు మాత్రం అతను తెంచడు. పంపు విప్పి కొలత మార్చాలంటే ప్రతి ఎలిమెంటూ ఎంత చిమ్ముతోందో గాజు గొట్టాల్లో పట్టి చూసే బెంచి ఉండాలి. అది లేనిచోట స్క్రూ తిప్పడం అంటే అరచుక్క కొలతను ఊహకు వదిలేయడం. బెంచి ఉన్న చోటుకి పంపిస్తాడు, అదీ మిగిలిన దారులన్నీ మూశాకే.

చివరికి తేలేది చాలాసార్లు ఒక్క పెద్ద తప్పు కాదు. ఉదాహరణకి 12 ఇవ్వాల్సిన బండిలో టైర్ల గాలి 3 శాతం, బ్రేకు పట్టు 5, టో-ఇన్ 4, థర్మోస్టాట్ 3, నాజిళ్లు 5 శాతం చొప్పున తింటున్నాయనుకుందాం. ఏ ఒక్కటీ డ్రైవరుకి విడిగా తెలియదు. అన్నీ కలిసి 12ని 9.8కి దించేస్తాయి. పంపు మీద వేలు ఖర్చుపెట్టినవాడికి అందులో ఒక వాటా మాత్రమే తిరిగొస్తుంది. వరసగా వెళ్లినవాడికి దాదాపు అంతా వస్తుంది, ఖర్చు అందులో కొసరు. అందుకే మంచి మేస్త్రి ఒకేరోజు అన్నీ మార్చడు. ఒకటి సరిచేసి, ఫుల్ టు ఫుల్ కొలిచి, అంకె రాసుకుని, రెండోదానికి వెళ్తాడు. ఏది ఎంత తిరిగి ఇచ్చిందో తెలియకపోతే బాగైన బండి కూడా అతనికి ఏమీ నేర్పదు.

ఎక్కడ ఆగాలో తెలియడం ఈ పనిలో ఆఖరి మెట్టు. వేగం 60 నుంచి 80కి పెంచితే గాలి అడ్డు 78 శాతం పెరుగుతుంది. డబ్బా ఆకారం, నిలువు అద్దం, పైన క్యారియరు ఉన్న బండిలో దాన్ని ఏ పానా తగ్గించలేదు. ముందు యాక్సిల్, ట్రాన్స్‌ఫర్ కేసు బరువు ఎప్పుడూ మోయాల్సిందే. బురదలోంచి, ఏటి గట్టు మీంచి బండిని బయటికి లాగేవి అవే కాబట్టి ఆ డీజిల్ వృథా కాదు, వాటి కూలి. తప్పులన్నీ తీశాక మిగిలిన అంకె బండి తయారీలోనే ఉన్న అంకె. “ఇంక ఇది ఇంతే ఇస్తుంది బాబూ, తొంభైలో పోకుండా నడుపుకో” అని మేస్త్రి పానాలు తుడిచి పెట్టేశాడంటే, లీటరులో ప్రతి భాగం ఎక్కడికి పోతోందో అతను చూసొచ్చాడని అర్థం.